వెలిగారం డబ్బా

కబురు ముందుగా నాకు చేర్చింది మా చెల్లెలు నఫీసా కోడలు రుఖియా. పొద్దున్న ఖురాన్ చదువుకుని, పుస్తకాన్ని గుడ్డలో చుట్టి పై అరలో పెడుతుండగా ఫోను మోగింది. రుఖియా గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. వెనక కుళాయి నీళ్ళ చప్పుడు. దొడ్లో నిలబడి, అత్తగారికి వినపడకుండా చేసిందని అర్థమైంది.

"ఖాలా, అటక సర్దుతుంటే మీ అబ్బాగారి దుకాణం డబ్బా ఒకటి దొరికింది. వెలిగారం అంట. పాప నాలిక మీద తెల్లగా పూత కట్టిందని నిన్న సెప్పాను కదా, అత్తమ్మ ఇప్పుడు దీన్ని నూరి తేనెలో కలిపి పూత్తానంటన్నారు."

"డాక్టరుకి చూపించలేదా?"

"పది గంటలకి ఎల్దామన్నాను. ఇది పూస్తే డాక్టరే అక్కర్లేదంటన్నారు. పిల్లలకి ఇది విషమని ఫోన్లో ఉంటే తీసి చూపించాను. 'నీ ఫోను పుట్టకముందే నాను బతికాను, నా నోట్లో పూసింది ఇదే, కావాలంటే మీ ఖాలాని అడుగు' అన్నారు. అందుకే అడగతన్నాను ఖాలా. నిజంగా పూసారా?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. "నేను వచ్చేదాకా ఆ డబ్బా ముట్టుకోవద్దని మీ అత్తకి చెప్పు. నా మాటగా చెప్పు" అని, బురఖా వేసుకుని గాజువాకలో నఫీసా ఇంటికి బస్సెక్కాను. ఫోన్లోనే చెప్పేయొచ్చు కదా అని రుఖియా తర్వాత అడిగింది. చెప్పొచ్చు. కానీ నఫీసా తన బతుకంతా నమ్ముకున్న మాటను ఫోన్లో కాదంటే వింటుందా? పైగా ఆ మాట అబద్ధమని తెలిసీ ఇన్నేళ్ళూ ఊరుకున్నది నేను. మనిషి ఎదురుగా కూర్చుని చెప్పవలసిన మాట అది.

పోర్టు రోడ్డు మీద ఖనిజం లారీల వెనక బస్సు నెమ్మదిగా నడిచింది. కిటికీ ఊచల మీద ఎర్రదుమ్ము, ముక్కుకి బొగ్గువాసన, ఆ వెనకే రేవు నుంచి చేపలవాసన. నాకు ఆ వాసనల కలయిక పుట్టిల్లు. పాత ఊళ్ళో, పూర్ణా మార్కెట్ వెనక వీధుల్లో ఒకదానిలో మా ఇల్లు. ముందు గది అబ్బా దుకాణం, వెనక రెండు గదులూ మేము. అబ్బా రాగినీ ఇత్తడినీ అతికేవారు. రేవులో లాంచీల రాగిగొట్టాలు చిల్లులు పడితే అబ్బా దగ్గరికే వచ్చేవి. పెళ్ళిళ్ళ వంటవాళ్ళ డేగిసాల చెవులు ఊడినా అంతే. మా ఇంట్లో రోజు మొదలయ్యేది కొలిమి రాజుకున్న వాసనతో. అమ్మీ వెనక గదిలో పొయ్యి వెలిగిస్తే ముందు గదిలో అబ్బా కొలిమి వెలిగించేవారు. రెండు పొగలూ నడవలో కలిసేవి. ఎవరి పొగ ఎక్కువని దాదీ, అంటే మా నాన్నమ్మ, ఇద్దర్నీ కలిపి తిట్టేది. తస్బీ పూసలు తిప్పుతూనే తిట్టేది. ఒక్క పూస కూడా తప్పేది కాదు.

మా ఇళ్ళల్లో ఆడపిల్లకు ఇంటి చదువే చదువు. దాదీ నాకు అరబ్బీ అక్షరాలు నేర్పింది. తెలుగు మాత్రం అబ్బా నేర్పారు. సుద్దముక్కతో ఇనపరేకు మీద రాసి, దాని కింద నన్ను రాయమని, గుడ్డతో తుడిచేవారు. దుకాణంలో డబ్బాల మీద అట్టముక్కలు అతికించి పేర్లు రాయడం నేను చేసిన మొదటి పని. పటిక, నవాసారం, ఇత్తడిపొడి, వెలిగారం. ఆ చివరి మాటలో నేను గుడి దీర్ఘం అనవసరంగా పెట్టాను. అబ్బా చూసి నవ్వారే కాని దిద్దనివ్వలేదు. అది నీ సంతకంలా ఉండనీ అన్నారు.

వెలిగారం లేకపోతే మా ఇంట్లో పొయ్యి లేదు. చూడ్డానికి పటికలాగే తెల్లని పలుకులు. కొత్తగా ఉన్నప్పుడు అద్దంలా మెరుస్తాయి. కొలిమి పక్కన పొడివేడిలో కొన్నాళ్ళుంటే పైన సున్నం చల్లినట్టు తెల్లబడతాయి. గోటితో గీస్తే గీత పడుతుంది. ఎక్కడో మంచుకొండల అవతల ఎండిపోయిన ఉప్పుచెరువుల అడుగున పేరుకుంటుందని, పూర్వం గొర్రెల వీపుల మీద మూటలు కట్టి దించేవారని అబ్బా చెప్పేవారు. కాలిన రాగి మీద నల్లటి పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతసేపూ అతుకు పట్టదు. అక్కడ వెలిగారం చల్లితే కరిగి, గాజులా పారి, ఆ నలుపునంతా తనలో కలిపేసుకుంటుంది. అప్పుడు ఇత్తడిపొడి కరిగి సందులోకి నీళ్ళలా దిగుతుంది. పచ్చిగా చల్లితే బుసబుస పొంగి ఇత్తడిపొడిని పక్కకు నెట్టేస్తుంది కాబట్టి ముందే మూకుట్లో వేసి పొంగించి, నూరి, డబ్బాలో పోసి ఉంచాలి.

ఆ పని పైడమ్మది. కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పడానికి అబ్బా పెట్టుకున్న మనిషి. భీమిలి అవతలి పల్లె నుంచి వచ్చి, రేవు దగ్గర పాకలో ఒక్కతే ఉండేది. పొడుగ్గా, ఎండిన సొరకాయలా ఉండేది. చక్రం తిప్పే కుడిచెయ్యి ఎడమచేతికంటే లావు. అక్షరం ముక్క రాదు కానీ వస్తువును చూసి, నాకి, కాల్చి పేరు చెప్పేది. నన్ను 'గుంటా' అని పిలిచేది. దాదీకి ఆ పిలుపు నచ్చేది కాదు. నాకు దానికంటే మంచి పేరు ఎవరూ పెట్టలేదు.

ఒకసారి బజారు నుంచి వచ్చిన సంచిలో వెలిగారం పేరుతో పటిక వచ్చింది. అబ్బా చూసుకోలేదు. ఒక లాంచీ గొట్టం మూడుసార్లు అతికినా ఊడింది. అప్పటి నుంచి ప్రతి సంచీ పైడమ్మ పరీక్షించాకే డబ్బాలోకి. ఆ పరీక్షలు నాకూ నేర్పింది.

"ఇటు రా గుంటా. ఈ పలుకు నాలిక మీద ఎట్టుకో. మింగీమాక, ఉమ్మీ. ఏటనిపించింది?"

"ముందు కొంచెం తియ్యగా. తర్వాత సబ్బులాగ."

"అదీ. ఇప్పుడిది ఎట్టుకో."

నా నోరంతా దగ్గరికి లాక్కుంది.

"పటిక. నీ మొకం అద్దంలో సూసుకో, మీ దాదీ మొకం కనబడతాది" అని నవ్వింది.

తర్వాత రెండు పలుకులూ నిప్పుల మీద రేకులో వేసింది. రెండూ అటుకుల్లా పొంగాయి. కానీ పటిక పొంగి పొడిగా, బొరుగులా ఉండిపోయింది. వెలిగారం పొంగి, మళ్ళీ కుంగి, కరిగి, చివరికి కన్నీటిబొట్టులా నిలిచింది. చల్లారాక తీస్తే గాజుపూస. మంట అంచున కొంచెం పచ్చదనం కూడా కనపడేది. అది వెలిగారం వల్లో, పక్కనున్న రాగి వల్లో తనకూ తెలీదనేది పైడమ్మ. తెలీనిది తెలీదని చెప్పగలిగే మనుషులు ఇప్పటికీ నాకు ఎక్కువమంది తారసపడలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది పసుపు పరీక్ష. పసుపు కలిపిన నీళ్ళలో వెలిగారం వేస్తే పారాణిలా ఎర్రబడుతుంది. పటిక వేస్తే పచ్చగానే ఉంటుంది. ఆ వారమంతా నేను వంటింట్లో కనపడ్డ ప్రతి తెల్లపొడినీ పసుపునీళ్ళలో వేసి అమ్మీ చేత తిట్లు తిన్నాను.

ఇంట్లో కూడా వెలిగారం వాడకం చాలానే ఉండేది. శుక్రవారం నమాజుకు అబ్బా వేసుకునే తెల్ల కుర్తా గంజిలో అమ్మీ చిటికెడు కలిపేది. ఇస్త్రీ చేస్తే మెరిసేది. వానాకాలం బొద్దింకలు ఎక్కువైతే పైడమ్మ పిండి, బెల్లం, వెలిగారం కలిపి ఉండలు చేసి మూలల్లో పెట్టేది. పొద్దున్నకు వెల్లకిలా పడి ఉండేవి. ఇక చంటిపిల్లల నోరు పూసినప్పుడు దాదీ వైద్యం ఒకటుంది. వెలిగారం నూరి, తేనెలో రంగరించి, చూపుడువేలితో నాలికంతా రాయడం. ఒకే డబ్బాలోంచి బొద్దింకల ఉండలకూ తీసేవాళ్ళం, పిల్ల నోటికీ తీసేవాళ్ళం. రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచించినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు. అదేమీ మూర్ఖత్వం అనను. వాళ్ళ పెద్దలు చెప్పారు, వీళ్ళు చేశారు. పిల్లలంటే దాదీకి ఉన్న ప్రేమ నాకు తెలుసు.

నాకు పన్నెండేళ్ళప్పుడు నఫీసా పుట్టింది. నలభై రోజులు కూడా నిండకుండానే నోరు పూసింది. నాలిక, బుగ్గల లోపల తెల్లని పెరుగు గడ్డకట్టినట్టు ఉండేది. పాలు పట్టగానే ఏడ్చి వదిలేసేది. దాదీ నన్ను దుకాణంలోకి పంపింది, వెలిగారం తెమ్మని. పైడమ్మ చక్రం ఆపి, ఎవరికని అడిగింది. చెప్పాను. డబ్బా మూత బిగించి, "ఇప్పుడు నూరినది నేదు. నమాజు ఏళకి రా, ఇత్తాను" అంది. వెళ్తే పొట్లం ఇచ్చింది. తెల్లగా, మెత్తగా ఉంది.

దాదీ బిస్మిల్లా అని మొదటిసారి పూసింది. మిగిలిన పొట్లం నా చేతికే ఇచ్చి దాచమంది. నేను చెయ్యకూడని పని చేశాను. చిటికెడు తీసి పసుపునీళ్ళలో వేశాను. ఎర్రబడలేదు. ఇంకొంచెం వేశాను. పచ్చగానే ఉంది. తప్పు డబ్బాలోంచి తీసిందన్న భయంతో దుకాణంలోకి పరుగెత్తాను. అబ్బా మసీదుకు వెళ్ళారు. పైడమ్మ ఒక్కతే ఉంది.

"పైడమ్మా, నువ్వు ఇచ్చింది వెలిగారం కాదు. పసుపు ఎర్రబడలేదు."

ఆమె చక్రం మీద చెయ్యి తియ్యకుండానే, "ఎవులికైనా సెప్పినావా?" అంది.

"లేదు."

"బాగానే నేర్సుకున్నావు" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "అది పటికబెల్లం గుంటా. నానే నూరినాను. బొద్దింకల ఉండల్లో ఏటేత్తాం?"

"వెలిగారం."

"తిన్న బొద్దింక ఏటవతాది?"

పైడమ్మ తను కూర్చున్న పీట పక్కన నన్ను కూర్చోబెట్టుకుంది.

"నాకూ ఓ ఆడగుంట పుట్టినాది. ఇరవై దినాల గుంట. నోరు పూసిందని మా అత్త సెప్తే నానే పూసినాను, ఈ ఏలితోనే. మొదటి దినం బాగానే ఉన్నాది. తరవాత ఆగకుండా వాంతులు. ఒల్లంతా ఉడకేసినట్టు ఎర్రగా కందిపోనాది. నాలుగో దినానికి నేదు. ఎందుకు పోనాదో నాకెవులూ సెప్పనేదు. ఈ కొలిమికాడ కూకుని, రాగిమీద పొరని ఇది తినీడం రోజూ సూసి సూసి నానే తెలుసుకున్నాను. గట్టి రాగినే తినేత్తంటే, పాలనాలిక ఏపాటిది?"

"దాదీకి చెప్తాను. దాదీ వింటుంది."

"వినదమ్మా. నా మాట ఎందుకింటాది? సాయిబుగారు నన్ను పనిలోంచి తీసీడం అటుంచు. అసలుది తెప్పించి పూత్తాది. అప్పుడు నువ్వూ నానూ సూత్తా ఊరుకోవాల. మీ సెల్లికి నోరు తగ్గీవరకూ సెప్పీమాక. తగ్గినాక నీ ఇట్టం."

అబద్ధం చెప్పిన నాలిక రేపు తీర్పునాడు మన మీదే సాక్ష్యం చెబుతుందని నేర్పింది దాదీయే. ఆ దాదీకే అబద్ధం చెప్పాలి. ఆ మధ్యాహ్నం నమాజులో నేను ఏ సూరా చదివానో నాకు తెలీదు. లేచాక పొట్లం పై అరలో పెట్టి ఊరుకున్నాను. పైడమ్మ సాయంత్రం వెనక గుమ్మం దగ్గరికి వచ్చి, గుడ్డ ఉడకబెట్టి చల్లార్చి పాలు పట్టిన ప్రతిసారీ పిల్ల నోరు తుడవమని అమ్మీకి చెప్పి వెళ్ళింది. ఆ గుడ్డ తగ్గించిందో, దానంతట అదే తగ్గిందో, అల్లాహ్‌కే తెలుసు. పది రోజుల్లో నఫీసా ఆబగా పాలు తాగింది. దాదీ వీధంతా చెప్పుకుంది, మా దుకాణం వెలిగారం మహిమ అని.

ఆ మీదట జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వూ వస్తుంది, కళ్ళలో నీళ్ళూ వస్తాయి. వీధిలో ఏ పిల్లకు నోరు పూసినా ఆడవాళ్ళు మా గుమ్మం ముందు నిలబడేవారు, సాయిబుగారి దుకాణం వెలిగారం కావాలని. పైడమ్మ కింద అరలో చిన్న డబ్బా ఒకటి వేరే పెట్టింది. అందులో నూరిన పటికబెల్లం. అడిగినవాళ్ళందరికీ అందులోంచే పొట్లం కట్టి, దాంతోపాటు ఉడికించిన గుడ్డ మాట కూడా చెప్పి పంపేది. "మీ కొలిమి వెలిగారం ఎంత మెత్తగా ఉన్నాదో, బజారుది మంట పుట్టిత్తాది" అని ఒకావిడ మెచ్చుకుంటే, పైడమ్మ తలవంచుకుని చక్రం గట్టిగా తిప్పింది. కొన్నేళ్ళకు గ్యాసు మంట వచ్చింది, గాలి చక్రం అక్కర్లేకపోయింది. ఆమె వెళ్ళిపోతూ ఆ చిన్నడబ్బా నా చేతిలో పెట్టింది. నా పెళ్ళయేదాకా ఆ పొట్లాలు కట్టింది నేను.

చెల్లికి తగ్గాక నా ఇష్టమంది పైడమ్మ. నేను చెప్పలేదు. దాదీ ముఖంలో ఆ గర్వం చూసి చెప్పలేకపోయాను. దాదీ పోయాక, చెప్పి ఏం లాభమనుకున్నాను. నలుగురు మంచివాళ్ళ మధ్య ఒక చిన్న అబద్ధం ఎవరికి అపకారం చేస్తుందిలే అనుకున్నాను. అది పెరిగి పెద్దదై, ఇప్పుడు నా చెల్లెలి చేతిలో తేనెగిన్నె పట్టుకుని కూర్చుంది.

నేను వెళ్ళేసరికి నఫీసా నూరడానికి కల్వం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. పాప రుఖియా భుజం మీద గునుస్తోంది. పక్కన డబ్బా. తుప్పు పట్టిన మూత, దాని మీద అట్టముక్క, అనవసరమైన గుడి దీర్ఘంతో నా అక్షరాలు.

"నీ కోసమే ఆగాను ఆపా" అంది నఫీసా. "ఈ కాలం పిల్లలకి మనుషులకంటే ఫోనుమీద నమ్మకం. నువ్వే సెప్పు."

"చెప్తాను. ముందు కొంచెం పసుపు, రెండు గిన్నెల్లో నీళ్ళు తెప్పించు."

"వంట సేత్తావా ఏటి?"

రెండు గిన్నెల్లోనూ పసుపు కలిపాను. ఒకదానిలో డబ్బాలో గడ్డకట్టిన పొడి చిదిపి వేశాను. మా అందరి కళ్ళ ముందే ఎర్రగా తిరిగింది. రెండోదానిలో వాళ్ళ వంటింట్లోని పటికబెల్లం నూరి వేశాను. పచ్చగా ఉండిపోయింది.

"ఈ ఎర్రది వెలిగారం. నీ నోట్లో పూసింది ఈ పచ్చది" అన్నాను. "నాకు పన్నెండేళ్ళప్పుడు నేనే పరీక్ష చేసి చూశాను." ఆ తర్వాత అంతా చెప్పాను. ఇరవై రోజుల పాప సంగతి చెబుతుంటే రుఖియా తన పాపను ఇంకా దగ్గరికి పొదువుకుంది.

నఫీసా ఆ రెండు గిన్నెలూ తన దగ్గరికి జరుపుకుంది. "దాదీకి తెలీదా?"

"తెలీదు."

"అయితే నన్ను బతికించింది వెలిగారం కాదు. అది నా నోట్లో పడకపోవడం." తర్వాత, "ఇన్నేళ్ళు కడుపులో ఎట్టుకున్నావా ఆపా? నా ఇద్దరు కొడుకులకీ నోరు పూయలేదు గాబట్టి సరిపోయింది. పూసుంటే?" అంది.

మాఫ్ చెయ్యమన్నాను. చెల్లెలిని క్షమాపణ అడగడం నాకు అదే మొదటిసారి. తను కల్వం పక్కకు జరిపి, లేచి, పాప టోపీ వెతికింది. "పద రుఖియా, పదిన్నరవుతంది. డాక్టరు ఎల్లిపోతాది" అంది.

ద్వారకా నగర్‌లోని పిల్లల డాక్టరమ్మ పాప నోరు చూసి, చంటిపిల్లల్లో ఇది మామూలేనంది. చుక్కల మందు రాసింది. వెలిగారం మాట వినగానే కలం ఆపి, ఇంకా ఎవరైనా పూస్తున్నారా అని అడిగింది. ఏడాది నిండేదాకా తేనె కూడా పెట్టకూడదంది. ఉడికించిన గుడ్డ గురించి నేను చెబితే, ఆ చెప్పినావిడ ఎవరో తెలివైన మనిషని మెచ్చుకుంది. చదువుకున్న ఒక డాక్టరమ్మ నోట ఆ మాట వినేసరికి, పైడమ్మ అక్కడే ఎక్కడో గోడవారగా నిలబడి ఉంటే బాగుండుననిపించింది. వారం తిరక్కుండా పాప నోరు శుభ్రపడింది. అల్హందులిల్లాహ్.

అప్పటికంటే ఇప్పటి రోజులు మంచివా అని మనవలు అడుగుతుంటారు. చుక్కల మందు ఉన్న రోజులు కచ్చితంగా మంచివే. దొడ్లో నిలబడి రహస్యంగానైనా ఒక కోడలు ఫోను చేయగలిగిన రోజులు మంచివే. పైడమ్మకు ఆ ఫోనూ లేదు, చెప్తే వినేవాళ్ళూ లేరు. తన మాట చెల్లదని తెలిసి, మా మాటగా, మా దాదీ మహిమగా ఆమె ఆ పిల్లల్ని కాచుకుంది. ఇప్పుడు తెలియజెప్పే మార్గాలు వంద ఉన్నాయి. అంత నిశ్శబ్దంగా మేలు చేసేవాళ్ళు ఉన్నారో లేదో నాకు తెలీదు. ఉన్నా మనకు తెలీదు కదా.

ఆ సాయంత్రం డబ్బా మీది అట్టముక్క నేనూ నఫీసా కలిసి మార్చాం. 'వెలీగారం. అతుకులకు, బొద్దింకలకు. నోట్లో పెట్టకూడదు' అని రాశాను. గుడి దీర్ఘం మాత్రం అలాగే ఉంచాను. పైడమ్మ ఏమైందని నఫీసా అడిగింది. నాకు తెలీదు. భీమిలి వైపు వెళ్ళిపోయిందని విన్నాను. ఎప్పుడు పోయిందో, ఎక్కడ పోయిందో చెప్పేవాళ్ళు లేరు. ఆమె బిడ్డకు పేరైనా పెట్టారో లేదో నేను అడగలేదు.

అందుకే ఈ పుట చదివినవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. మీరు పూర్ణా మార్కెట్ వెనక వీధుల్లో పుట్టి పెరిగినవాళ్ళయితే, చంటిబిడ్డగా ఉన్నప్పుడు మీ నోటికి సాయిబుగారి దుకాణం వెలిగారం పూశారని మీ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటే, అది వెలిగారం కాదు, పటికబెల్లం. మీరు ఏ దేవుడికి చేతులు జోడిస్తారో ఆ దేవుడి ముందు ఒక్కసారి పైడమ్మ పేరు తలుచుకోండి.